నెల లెక్క సరిపోతోంది, ఏడాది తిరిగేసరికి అప్పు తేలుతోంది: ఎక్కడ జారుతోంది?

#1 నెలాఖరు
మధ్యతరగతి ఇళ్లలో తరచుగా కనిపించే ఒక చిట్టా ఇస్తున్నాను. డబ్బు అంకెలు ఒక్కో ఇంటికి ఒక్కోలా ఉంటాయి కాబట్టి నెల ఆదాయాన్ని 100 పాళ్లు అనుకుందాం.

అద్దె 28
వంటింటి సరుకులు 24
అప్పు వాయిదాలు 14 (ఒకటి 5, ఇంకా 6 నెలలు ఉంది. రెండోది 9, చాలా ఏళ్లు ఉంది)
రాకపోకలు 9
పిల్లలకు నెలనెలా అయ్యేది 8
కరెంటు, నీళ్లు, ఫోను 7
ఇతరాలు 6

మొత్తం 96. అంటే నెలకు 4 మిగలాలి, ఏడాదికి 48. కానీ సంవత్సరాంతానికి మిగులు మాట అటుంచి, 70 పాళ్ల దాకా కొత్త బాకీ ఉంటుంది. దుబారా అంటూ వేలెత్తి చూపడానికి ఒక్క పద్దూ దొరకదు. ఈ చిట్టాలో తప్పు ఎక్కడుంది? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. "ఖర్చు తగ్గించుకోండి" అనే ఒక్క ముక్కతో సరిపెట్టకండి, దయచేసి.

#2 పాతచిట్టా
రాసిన పద్దుల్లో తప్పు లేదండీ. రాయని పద్దుల్లో ఉంది. ఇందులో ఉన్నవన్నీ నెలనెలా వచ్చే ఖర్చులు. ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చేవి ఒక్కటీ లేవు. స్కూలు ఫీజు, బీమా ప్రీమియం, బండి సర్వీసు, టైర్లు, బట్టలు, ఊరి ప్రయాణాలు, శుభకార్యాల్లో చదివింపులు, పళ్ల డాక్టరు, ఇంట్లో పాడయ్యే వస్తువులు. ఇవి వచ్చిన ప్రతిసారీ "ఈ నెల అనుకోని ఖర్చు తగిలింది" అంటాం. ఫీజు అనుకోనిది ఎలా అవుతుంది? ఏ నెలలో కట్టాలో ముందే తెలుసు కదా.

చేయాల్సిన పని ఇది. గడిచిన 12 నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ తీయండి. నెలనెలా వచ్చేవాటిని పెన్సిలుతో కొట్టేయండి. మిగిలినవాటిని ఏ నెలలో వచ్చాయో ఆ నెల కింద రాయండి. మీ చిట్టాకు సరిపడే ఉదాహరణ:

3వ నెల: ఫీజు 54
6వ నెల: బీమా 18
9వ నెల: ప్రయాణాలు, బట్టలు, కానుకలు 30
12వ నెల: బండి, ఇంటి మరమ్మతులు 18

మొత్తం 120. పన్నెండుతో భాగిస్తే నెలకు 10. మీకు మిగిలేది 4. నెలకు 6 తక్కువ, ఏడాదికి 72. మీరు చెప్పిన 70 పాళ్ల బాకీ అదే.

#3 సరుకులసంచి
పాతచిట్టా గారు చెప్పినదానికి ఒక చేర్పు. పాడయ్యే వస్తువులకు స్టేట్‌మెంట్ చాలదు. నిరుడు ఫ్రిజ్ పాడవలేదు కాబట్టి అందులో కనిపించదు. ఇంట్లో ఉన్న ఖరీదైన వస్తువులన్నీ వరసగా రాసి, ఒక్కోదాని ఎదురుగా ఇంకెన్నేళ్లు వస్తుందో అంచనా వేయండి. కొత్తదాని ధరను ఆ ఏళ్లతో, మళ్లీ 12తో భాగించండి. ఆ చిన్న మొత్తం నెలనెలా పక్కకు పోవాలి. వస్తువు మొరాయించిన రోజున వాయిదాల మీద కొనే గతి పట్టదు.

#4 నెలాఖరు
సరే, నెలకు 10 పక్కన పెట్టడం మొదలుపెట్టాం అనుకోండి. 3వ నెలకు చేతిలో 30 ఉంటుంది. కట్టాల్సింది 54. అప్పుడు?

#5 పాతచిట్టా
పన్నెండుతో భాగించి పక్కన పెట్టేవాళ్లలో చాలామంది మొదటి ఏడాదే విసిగి మానేసేది సరిగ్గా ఇక్కడే. భాగహారం తప్పు కాదు, నిల్వ లెక్క వేయకపోవడం తప్పు. నెలకు 10 చొప్పున వేస్తూ, ఖర్చులు తీసేస్తూ నడిచే నిల్వ రాయండి:

3వ నెల: 30 − 54 = −24
6వ నెల: −24 + 30 − 18 = −12
9వ నెల: −12 + 30 − 30 = −12
12వ నెల: −12 + 30 − 18 = 0

ఏడాది చివరికి సున్నా, అంటే లెక్క సరిపోయింది. నడుమ అన్నిటికంటే లోతుకు దిగింది −24 దగ్గర. ఈ పద్ధతి నడవాలంటే మొదటిరోజున చేతిలో ఉండాల్సిన మొత్తం ఆ 24. దాన్ని మొదలు పైకం అనుకోండి. ఒక్కసారి ఉంటే చాలు, రెండో ఏడాదికి మళ్లీ అక్కర్లేదు. బోనసో, చేతికి తిరిగొచ్చిన డిపాజిట్టో ఇలాంటిచోట పడితే పదింతలు పనికొస్తుంది.

అంత పైకం లేకపోతే తేదీలు మార్చుకోవాలి. ఫీజు రెండు విడతలుగా, 3వ నెలలో 27, 7వ నెలలో 27 కట్టనిస్తే 3, 6, 7, 9, 12 నెలల్లో నిల్వ వరసగా ఇలా నడుస్తుంది: 3, 15, −2, −12, 0. లోతు 24 నుంచి 12కి తగ్గింది. ఖర్చు పైసా తగ్గలేదు, అవసరమైన మొదలు పైకం సగమైంది.

#6 వడ్డీలెక్క
విడతలకు అదనంగా ఏమైనా అడుగుతారా అన్నది చూడండి. 54 మీద 3 శాతం అదనం అంటే వినడానికి చిన్నదే. అంటే 1.62. మనం నిజంగా వాయిదా వేసుకున్నది 27 మాత్రమే, అదీ 4 నెలలకే. 27 మీద 1.62 అంటే 4 నెలలకు 6 శాతం, ఏడాదికి 18 శాతం. అంతకంటే తక్కువ వడ్డీకి డబ్బు పుడితే ఒకేసారి కట్టండి. దిక్కు క్రెడిట్ కార్డు ఒక్కటే అయితే విడతలే నయం.

"ఫ్లాట్ వడ్డీ" సంగతీ ఇలాంటిదే. 1,20,000 అప్పు, 3 ఏళ్లు, ఫ్లాట్ 10 శాతం. వడ్డీ 36,000, మొత్తం 1,56,000, నెలకు 4,333. అసలు నెలనెలా తగ్గుతూ పోతున్నా వడ్డీ మాత్రం మొదటి మొత్తం మీదే వేస్తున్నారు. తగ్గే బాకీ మీద లెక్కగడితే ఇది దాదాపు 18 శాతం. రెండు చోట్ల అప్పు పోల్చేటప్పుడు శాతాలు పక్కన పెట్టి, ఒకే మొత్తానికి ఒకే గడువుకు నెల వాయిదా ఎంతో అడగండి. దానికి ప్రాసెసింగ్ ఫీజు, అంటగట్టే బీమా కలపండి. అప్పుడు అసలు రంగు తెలుస్తుంది.

#7 కొత్తసభ్యురాలు
కార్డు బాకీ ఇప్పటికే ఉన్నవాళ్ల మాటేమిటండీ? కనీస మొత్తం నెలనెలా తప్పకుండా కట్టినా బాకీ తరగడం లేదని చాలామంది అంటుంటారు.

#8 వడ్డీలెక్క
తరగకపోవడానికి కారణం ఉందండీ. నెలకు 3 శాతం వడ్డీ, కనీస చెల్లింపు 5 శాతం అనుకుందాం. లక్ష బాకీ వడ్డీతో 1,03,000 అవుతుంది. 5 శాతం అంటే 5,150 కడితే 97,850 మిగులుతుంది. 5,150 కట్టినా బాకీ తగ్గింది 2,150 మాత్రమే. వచ్చే నెల కనీస మొత్తం కూడా తగ్గుతుంది, మనం కట్టేదీ తగ్గుతుంది. ఇలా సాగితే, కార్డు మీద కొత్తగా ఏమీ కొనకపోయినా, బాకీ సగం కావడానికే 32 నెలలు పడుతుంది.

ఇప్పుడు ఒక్కటే మార్చండి. మొదటి నెల కట్టిన 5,150నే ప్రతి నెలా కట్టండి, బిల్లులో కనీస మొత్తం ఎంత తగ్గినా సరే. బాకీ మొత్తం 30 నెలల్లో తీరిపోతుంది. అక్కడ సగం కావడానికి పట్టినంత కాలం కూడా ఇక్కడ పూర్తిగా తీరడానికి పట్టదు. తేడా అంతా అంకెను కదలనివ్వకపోవడంలోనే ఉంది. బ్యాంకులో ఆ మొత్తానికి స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ (నెలనెలా దానంతటదే కట్టేసేలా ముందుగా ఇచ్చే ఆదేశం) పెట్టేయండి.

ఇంకొకటి. పాత బాకీ ఉన్న కార్డు మీద కొత్తగా కొంటే, చాలా కార్డుల్లో వడ్డీలేని గడువు వర్తించదు, కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. బాకీ తీరేదాకా ఆ కార్డు సంచిలో ఉండకూడదు. షాపింగ్ సైట్లలో దాచిన నంబరు కూడా తీసేయండి.

#9 రెండోజీతం
ఏ అప్పు ముందు తీర్చాలన్న చోట రెండు దారులు ఉన్నాయి. వడ్డీ ఎక్కువ ఉన్నదాన్ని ముందు తీరిస్తే మొత్తం మీద కట్టే వడ్డీ తగ్గుతుంది. లెక్క ప్రకారం అదే సరైనది. కానీ నెల గడవడమే కష్టంగా ఉన్న ఇంట్లో ఇంకో కొలత చూడాలి: మిగిలిన బాకీని నెల వాయిదాతో భాగించండి. బాకీ 18,000, వాయిదా 3,000 అయితే 6. బాకీ లక్ష, వాయిదా 2,500 అయితే 40. చిన్న అంకె వచ్చినదాన్ని తీరిస్తే నెలకు ఎక్కువ డబ్బు త్వరగా విడుదలవుతుంది. వడ్డీలో కొంత నష్టపోయినా, మళ్లీ చేబదులుకు పరుగెత్తే అవసరం తప్పుతుంది. నెలాఖరు గారి చిట్టాలో 5 పాళ్ల వాయిదాకు ఇంకా 6 నెలలే ఉంది. ఆరు నెలలయ్యాక ఆ 5 ఎటు పోవాలో ఇప్పుడే రాసిపెట్టుకోండి. లేకపోతే అది కొత్త వాయిదా రూపంలోనే వెనక్కి వస్తుంది.

#10 వడ్డీలెక్క
ఒప్పుకుంటాను. కాకపోతే నెలకు 3 శాతం కార్డు పక్కన ఉన్నప్పుడు మాత్రం ఏ భాగహారమూ వద్దు, ముందు అదే.

#11 వారంవారం
ఏటా వచ్చే ఖర్చులు సర్దుకున్నాక కూడా సరుకుల పద్దు దాటిపోతుంటే ఒక తేలిక ఉపాయం ఉంది. నెలకు కేటాయించినదాన్ని నాలుగుతో భాగించి వారానికింత అని విడిగా పెట్టుకోవడం. 24 అయితే వారానికి 6. చేతిలో పట్టుకున్న నోట్లలా కంటికి కనిపిస్తుంది, చేయి జారదు.

#12 పాతచిట్టా
వారం పద్ధతి బాగుంది, నాలుగుతో భాగించడం వద్దండీ. ఏడాదికి 52 వారాలు. వారానికి 6 చొప్పున 312 అవుతుంది. నెలకు 24 చొప్పున 288. తేడా 24, సరిగ్గా ఒక నెల సరుకులు. నాలుగుతో భాగించే ఇంట్లో ఏడాదికి పదమూడు నెలల సరుకులు వస్తాయి, జీతాలు మాత్రం పన్నెండే. 4.35తో భాగించండి. 24 అయితే వారానికి 5.5.

#13 వారంవారం
నిజమే. నా పోస్టులో 6 బదులు 5.5 అని చదువుకోండి.

#14 సరుకులసంచి
సరుకుల గురించి. టోకున కొంటే చవక అన్నది సగమే నిజం. వాడినదానికి ధర కట్టాలి, కొన్నదానికి కాదు. పెద్ద ప్యాకెట్ మీద 15 శాతం తగ్గింపు వచ్చింది, అందులో 20 శాతం పాడై పారబోశారు. 0.85ను 0.80తో భాగిస్తే 1.0625. అంటే చిన్న ప్యాకెట్ కంటే 6 శాతం పైగా ఎక్కువ పెట్టారు. గుర్తుంచుకోడానికి సూత్రం: పారబోసే శాతం తగ్గింపు శాతం కంటే తక్కువ ఉంటేనే పెద్ద ప్యాకెట్.

ఎంత పారబోస్తున్నామో తెలియాలంటే నాలుగు వారాలు చెత్తబుట్ట దగ్గర కాగితం అంటించి, పారేసిన ప్రతిదాన్నీ కారణంతో రాయండి: కుళ్లింది, గడువు దాటింది, ఎక్కువ వండాం. కారణాన్ని బట్టి మందు మారుతుంది. కుళ్లడం ఎక్కువైతే వారానికి ఒక్కసారి కాకుండా రెండుసార్లు తక్కువ తక్కువగా కొనాలి. గడువు దాటడం అయితే కొత్తవి వెనక, పాతవి ముందు పెట్టాలి. ఎక్కువ వండడం అయితే కొలత గిన్నె మార్చాలి. 24 పాళ్ల పద్దులో వంటిల్లు నిదానంగా సర్దుకుంటే 2 పాళ్లు దొరకడం అత్యాశ కాదు.

#15 మీటర్‌రీడింగ్
కరెంటు పద్దులో ఏది పెద్దదో తెలియక చిన్నవాటి వెంట పడుతుంటారు. ఒక యూనిట్ అంటే 1,000 వాట్ల పరికరం గంటసేపు వాడడం. ఈ కొలతతో చూడండి:

15 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 55 డిగ్రీలకు కాస్తే సుమారు అర యూనిట్. రోజూ నాలుగు స్నానాలు అంటే 2 యూనిట్లు, నెలకు 60. నీళ్లు 45 డిగ్రీలకే సరిపెడితే అందులో మూడో వంతు తగ్గుతుంది.
60 వాట్ల పాత బల్బు తీసి 9 వాట్ల ఎల్‌ఈడీ పెడితే, రోజుకు 5 గంటల వాడకానికి ఏడాదికి 93 యూనిట్లు ఆదా.
ఆపినట్టే కనిపిస్తూ 5 వాట్లు లాగే పెట్టె ఏదైనా ఉంటే ఏడాదికి దాదాపు 44 యూనిట్లు.

వేడి, చలి పుట్టించే యంత్రాలే బిల్లును నడిపిస్తాయి. ఫ్రిజ్ తలుపు రబ్బరు పరీక్షించండి: తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వస్తే అక్కడ చలి బయటికి పోతోందన్నమాట. నాలుగు వైపులా చూడాలి. ముందు రబ్బరును సబ్బునీళ్లతో తుడిచి చూడండి, చాలాసార్లు జిడ్డే కారణం.

కారే కుళాయి: కింద కొలత గ్లాసు పెట్టి 10 నిమిషాలు ఆగండి. వచ్చినదాన్ని 144తో గుణిస్తే రోజు లెక్క. 150 మిల్లీలీటర్లు పడితే రోజుకు 21.6 లీటర్లు. చాలా కుళాయిల్లో మార్చాల్సింది లోపలి వాషరు ఒక్కటే.

#16 పాతచిట్టా
ఇవన్నీ చేయదగ్గవే. కాకపోతే కరెంటు, నీళ్లు, ఫోను కలిపి 7. అందులో పదో వంతు తగ్గించినా 0.7. మొదటి గంట శ్రమ పెద్ద పద్దుల మీద పెట్టండి, రెండో గంట కుళాయి మీద.

#17 కొత్తసభ్యురాలు
ఒకసారి సర్దుకున్నాక అలాగే ఉంటుందా? జీతం ఏటా పెరుగుతుంది కదా?

#18 రెండోజీతం
జీతంతో పాటు ఖర్చూ పెరుగుతుంది, తరచుగా వేరే వేగంతో. ఇప్పుడు ఆదాయం 100, ఖర్చు 90 అనుకోండి. ఆదాయం ఏటా 5 శాతం, ఖర్చు 7 శాతం పెరిగితే అయిదేళ్లకు 127.6, 126.2. ఆరో ఏటికి 134, 135. పది పాళ్ల మిగులు ఆరేళ్లలో ఆవిరైపోయింది, ఎవరూ దుబారా చేయకుండానే. అందుకే ఏడాదికోసారి ఒక్కో పద్దు నిరుటికంటే ఎంత శాతం పెరిగిందో రాయాలి. జీతం కంటే వేగంగా పెరిగినవాటిని గుండ్రంగా చుట్టండి. ఎప్పుడూ అవి రెండో మూడో ఉంటాయి, అద్దె, ఫీజులు, వైద్యం లాంటివి.

జర్మన్ గణాంకవేత్త ఎర్న్‌స్ట్ ఎంగెల్ 1857లోనే కుటుంబాల జమాఖర్చులు చూసి, ఆదాయం పెరిగేకొద్దీ అందులో తిండి ఖర్చు వాటా తగ్గుతుందని చెప్పాడు. మీ ఇంట్లో జీతం పెరిగినా సరుకుల వాటా కూడా పెరుగుతుంటే, జీతం పేరుకే పెరిగిందని అనుమానించాలి.

అత్యవసర నిధి గురించి ఎవరూ రాయలేదు. మూడు నుంచి ఆరు నెలలు అంటారు. అది జీతం కాదు, తప్పనిసరి ఖర్చు. ఈ చిట్టాలో ఇతరాలు తీసేస్తే నెలకు 90. ఒకే పెద్ద డిపాజిట్‌గా వేయకండి, చిన్న ముక్కలుగా వేయండి. అవసరం వచ్చినప్పుడు ఒక ముక్క విరిస్తే దాని వడ్డీలో మాత్రమే కోత పడుతుంది. ఏటా వచ్చే ఖర్చులకు పక్కన పెట్టేది, ఇది ఒకే ఖాతాలో కలవకూడదు. కలిస్తే ఫీజుకు అత్యవసర నిధి కరిగిపోతుంది, ఆసుపత్రికి ఏమీ మిగలదు.

#19 నెలాఖరు
అందరికీ ధన్యవాదాలు. చెప్పినవన్నీ పెట్టి లెక్క వేశాను, సరిచూడండి. ఇప్పటి మిగులు 4, సరుకుల్లో 2, ఇతరాల్లో 1. నెలకు 7. ఆరు నెలలయ్యాక వాయిదా తీరి మరో 5 కలుస్తుంది, 12. ఫీజు రెండు విడతలు.

3వ నెల: 21 − 27 = −6
6వ నెల: −6 + 21 − 18 = −3
7వ నెల: −3 + 12 − 27 = −18
9వ నెల: −18 + 24 − 30 = −24
12వ నెల: −24 + 36 − 18 = −6

ఏడాది బాకీ 72 నుంచి 6కు వచ్చింది. కానీ 9వ నెల మళ్లీ 24 లోతు.

#20 పాతచిట్టా
బీమా వాయిదా వేయకూడదు, గడువు తప్పితే రక్షణ పోతుంది. 12వ నెల మరమ్మతులు ఆపితే పెద్ద రిపేరుగా తిరిగొస్తాయి. ఈ నాలుగింటిలో మన చేతిలో ఉన్నది 9వ నెల 30. మొదటి ఏడాది మటుకు దాన్ని 18కి కుదించండి. ఇంట్లో అందరూ కూర్చుని, 3వ నెలకు ముందే ఒప్పుకోవాలి. 8వ నెలలో చెబితే గొడవే. ఫీజు మూడు విడతలు అడగండి: 3, 7, 11 నెలల్లో 18 చొప్పున.

3వ నెల: 21 − 18 = 3
6వ నెల: 3 + 21 − 18 = 6
7వ నెల: 6 + 12 − 18 = 0
9వ నెల: 0 + 24 − 18 = 6
11వ నెల: 6 + 24 − 18 = 12
12వ నెల: 12 + 12 − 18 = 6

ఎక్కడా సున్నా కిందికి దిగలేదు. మొదలు పైకం అక్కర్లేదు. చివర 6 చేతిలో ఉంటుంది.

#21 వడ్డీలెక్క
విడతలకు ఆ 3 శాతం అదనం మొదటి విడతతోనే అడిగితే, 7వ నెల నిల్వ సున్నా కాదు, −1.62. దానికోసం ఇతరాల పద్దులో 1కి బదులు 1.3 తగ్గించండి. ఏడు నెలలకు అదనంగా 2.1 వస్తుంది, 1.62 పోగా 0.48 మిగులుతుంది.

#22 నెలాఖరు
1.3 అనే రాసుకున్నాను. విడతల సంగతి ఫీజు రసీదు వచ్చాక కాకుండా 1వ నెలలోనే, రాతపూర్వకంగా అడుగుతాను.